షుగరు వ్యాధి – పళ్లెములోని కొలత

భైంసా ప్రాంతపు గ్రామములలో షుగరు వ్యాధి ప్రసక్తి వచ్చినప్పుడెల్లను మాకు వినవచ్చు మాట ఒకటి కలదు. “అన్నం బంద్ చేసిన, రొట్టెలే తింటున్న, అయినా షుగరు దిగుతలేదు.” ఈ మాట చెప్పువారు అబద్ధమాడుట లేదు. వారు నిజముగనే అన్నము మానినారు, జొన్నరొట్టె పట్టినారు. అయినను రక్తపరీక్షలోని అంకె కదలలేదు. కొందరికి విసుగు పుట్టి మాత్రలు కూడ మానివేయుదురు. మరికొందరు ఇందుకు విరుద్ధముగా, ఎవరో చెప్పిన మాట విని గింజధాన్యమంతయు ఒక్కనాడే మానివేసి, మాత్రలు మాత్రము వెనుకటివలెనే మ్రింగి, పొలములో సొమ్మసిల్లి పడిపోవుదురు. ఈ రెండు తప్పులకును మూలమొక్కటియే: పళ్లెములో ఏ గింజ ఉన్నదని చూచుటయే గాని, ఎంత ఉన్నదని లెక్కించు అలవాటు మనకు లేకపోవుట. ఈ పాఠమునందు ఆ లెక్కను పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము. సభ్యులు దానిని తాము గ్రహించి, గ్రామసభలో పదిమందికి చెప్పగలరని మా నమ్మకము.

జొన్న పండిన నేల

భైంసా నల్లరేగడి నేల. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నాందేడు జిల్లాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు తెలుగు రాష్ట్రమున చేరినవి. అటుపిమ్మట ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో ఏర్పడిన నిర్మల్ జిల్లాలోనికి వచ్చినవి. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వినవచ్చు ఈ సీమలో ఇంటింట జొన్నరొట్టె కాల్చుదురు. తెలుగువారి రొట్టెయు, మరాఠీవారి భాకరియు ఒక్కటియే. జొన్న గట్క, అంబలి కూడ ఇచ్చటి పాతకాలపు భోజనములే.

కాలక్రమమున వరియన్నము పెరిగినది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ప్రారంభించెను. పండుగనాడు మాత్రమే అన్నము వండుకొను పేద ఇండ్లకు అది ప్రతిదినపు భోజనమైనది. 2025 ఉగాది నుండి తెలంగాణ ప్రభుత్వము రేషను కార్డు గలవారికి మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యమును ఉచితముగా ఇచ్చుచున్నది. ఆకలిని తీర్చిన ఈ బియ్యమును నిందించుట న్యాయము కాదు. ఆరు కిలోలను ముప్పది దినములకు పంచినచో దినమునకు 200 గ్రాములు మాత్రమే. చిక్కు ఆ బియ్యములో లేదు. దానికి తోడు రొట్టెలు, అటుకులు, చక్కెర వేసిన చాయ, బిస్కెట్లు కలిసి దినపు మొత్తము పెరిగిపోవుటలోను, పప్పు, కూర, పెరుగు తరిగిపోవుటలోను ఉన్నది. పొలమున పని కూడ వెనుకటి కంటె తగ్గినది. నాగలి స్థానమున ట్రాక్టరు, నడక స్థానమున మోటారు సైకిలు వచ్చినవి. పని తగ్గినను ముద్ద తగ్గలేదు.

వ్యాధి స్వరూపము

మనము తిన్న అన్నము, రొట్టె, దుంప, పండు, చక్కెర ఇవన్నియు కడుపులో అరిగి గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో కలియును. పొట్ట వెనుకనున్న క్లోమగ్రంథి నుండి ఇన్సులిన్ అను రసము ఊరి, ఆ చక్కెరను కండరములలోనికి, కాలేయములోనికి చేర్చును. కొందరిలో ఈ ఇన్సులిన్ ఉన్నను దాని మాట శరీరము సరిగా వినదు. నడుము చుట్టును, కాలేయములోను కొవ్వు పేరుకొన్నవారికి ఇది హెచ్చు. కొన్నాళ్లకు క్లోమము అలసిపోయి ఇన్సులిన్ కూడ తగ్గును. అప్పుడు చక్కెర రక్తములోనే నిలిచిపోవును. దీనినే రెండవ రకపు మధుమేహమందురు. పెద్దలలో అత్యధికులకు వచ్చునది ఈ రకమే. సాధారణముగా పిల్లలకును, యువకులకును వచ్చు మొదటి రకములో ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఉండదు. అట్టివారికి ఇన్సులిన్ సూదియే ప్రాణాధారము. ఈ పాఠము వారిని గూర్చినది కాదు.

పరగడుపున తీసిన రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉండి, మరల పరీక్షించినను అట్లే ఉన్నచో అది మధుమేహము. 100 నుండి 125 వరకు ఉన్నచో వ్యాధికి ముందటి మెట్టుగా భావింతురు. గడచిన మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ అను పరీక్షలో 6.5 శాతము గాని అంతకు మించి గాని ఉన్నను వ్యాధి ఉన్నట్లే. అతిదాహము, మాటిమాటికి మూత్రము, బరువు తగ్గుట, మానని పుండు దీని గుర్తులు. కాని చాలమందిలో ఏ గుర్తును లేకుండనే ఏండ్ల తరబడి ఇది కన్నులను, మూత్రపిండములను, గుండెను, కాళ్ల నరములను తొలిచివేయును. చెప్పులు లేక పత్తిచేనిలో తిరుగువానికి కాలిలో ముల్లు విరిగినను నొప్పి తెలియకపోవుట ఈ వ్యాధి చేయు మోసమే.

ఇది పట్టణపు ధనికుల వ్యాధి యని ఇంకను తలంచువారున్నారు. భారత వైద్య పరిశోధనా మండలి, చెన్నైలోని మద్రాసు మధుమేహ పరిశోధనా సంస్థతో కలిసి దేశమంతట జరిపిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. మరి 13 కోట్లకు పైబడినవారు ముందటి మెట్టుపై ఉన్నారు. గ్రామములలోని పెద్దలలో నూటికి దాదాపు తొమ్మండుగురికి ఈ వ్యాధి కలదు. వేయిమంది పెద్దలున్న గ్రామమునకు ఈ సగటును వర్తింపజేసినచో తొంబది మంది యగుదురు. మీ గ్రామములో మాత్రలు వాడువారి పేర్లు లెక్కించి చూడుడు. ఆ సంఖ్య తొంబదికి చాల తక్కువగా ఉన్నచో, వ్యాధి తక్కువగా ఉన్నదని సంతోషించుటకు ముందు, పరీక్ష చేయించుకొనని వారెందరున్నారో విచారింపవలెను.

రొట్టె లెక్క

ధాన్యము, దుంప, చక్కెరలలో ప్రధానముగా ఉండు పదార్థమును పిండిపదార్థమందురు. రక్తములో చక్కెరను ఎక్కువగా పెంచునది ఇదియే. నూరు గ్రాముల బియ్యములో ఇది సుమారు 78 గ్రాములు, నూరు గ్రాముల జొన్నలో సుమారు 68 గ్రాములు ఉండును. జొన్నలో పీచు, తెల్లబియ్యములోకన్న మూడింతలకు పైగా ఉన్నది. మాంసకృత్తులు కూడ కొంత హెచ్చు. కావున ఒకే తూకములో చూచినచో జొన్న మేలే. రొట్టె అరుగుటకు కొంత ఎక్కువసేపు పట్టును, కడుపు నిండినట్లుండును.

ఐతే తూకము ఒకటిగా ఉండుట లేదు. ఇంటిలో కాల్చు పెద్ద రొట్టెకు సుమారు 75 గ్రాముల పిండి పట్టుననుకొందము. అందులో 50 గ్రాముల పిండిపదార్థము ఉండును. నాలుగు రొట్టెలలో 200 గ్రాములు. పావుకిలో బియ్యమును వండి తిన్నను దాదాపు అంతే. ప్రొద్దున రెండు, మధ్యాహ్నము మూడు, రాత్రి రెండు చొప్పున ఏడు రొట్టెలు తినువానికి 350 గ్రాములు చేరినవి. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ దినమునకు ఐదు కప్పులు త్రాగినచో మరి 50 గ్రాములు. మొత్తము 400 గ్రాములు. అతడు అన్నము ముట్టకున్నను, అన్నము తిన్నవానికంటె పిండిపదార్థమును ఎక్కువగానే తిన్నాడు. షుగరు ఎట్లు దిగును?

2025లో ఆ సర్వే బృందమే వెలువరించిన మరియొక ఫలితము ఈ మాటనే బలపరచుచున్నది. మన దేశపు భోజనములో సుమారు 62 శాతము శక్తి పిండిపదార్థమునుండియే వచ్చుచున్నది. మొత్తము పిండిపదార్థమును తగ్గింపక, తెల్లబియ్యమునకు మారుగా గోధుమపిండినో చిరుధాన్యముల పిండినో తిన్నంత మాత్రమున మధుమేహపు ప్రమాదము తగ్గినట్లు కనబడలేదు. అందులో కొంత భాగమును తీసివేసి పప్పుధాన్యములు, పాలు, పెరుగు మొదలగువాని మాంసకృత్తులను ఆ స్థానమున చేర్చినప్పుడు ప్రమాదము తగ్గినట్లు కనబడినది. కావున సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసిన సూత్రము ఇది: మొదట కొలత తగ్గవలెను, పిమ్మట గింజ మారవలెను, తగ్గిన చోటును పప్పు, కూర, పెరుగు నింపవలెను.

ఎంత తగ్గింపవలెను?

ఈ ప్రశ్నకు పరిశోధకులు ఇచ్చిన సమాధానము మన గ్రామములకు అనుకూలముగానే ఉన్నది. పై సర్వేలోని 18,090 మంది పెద్దల ఆహారమును పరిశీలించి 2022లో ప్రకటించిన వ్యాసములో, రెండవ రకపు మధుమేహము తిరుగుముఖము పట్టుటకు భోజనపు శక్తిలో పిండిపదార్థము 49 నుండి 54 శాతము, మాంసకృత్తులు 19 నుండి 20 శాతము, కొవ్వు 21 నుండి 26 శాతము వరకు ఉండుట మేలని లెక్కగట్టిరి. అనగా పిండిపదార్థము పూర్తిగా పోనక్కరలేదు. మూడు భాగములలో రెండు భాగములుగా ఉన్నది సగమునకు దిగిన చాలును.

ఇంకను తగ్గించు పద్ధతులు కూడ కలవు. దినమునకు 130 గ్రాములకు లోపుగా పిండిపదార్థము తినుటను వైద్యులు అల్ప పిండిపదార్థ భోజనమందురు. ఇట్టి భోజనముపై జరిగిన 23 ప్రయోగములను కలిపి చూచిన ఒక సమీక్ష 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. ఆరు నెలలు పాటించినవారిలో ఎక్కువమందికి షుగరు సాధారణ స్థితికి వచ్చినది. సంవత్సరము గడచునప్పటికి ఆ లాభము చాలవరకు తగ్గినది. దీనివలన తెలియునదేమనగా, పద్ధతి పనిచేయును గాని పట్టుదలతో చిరకాలము నడపదగినదిగా ఉండవలెను. ఆరు నెలలు తపస్సు చేసి ఏడవ నెలలో విడిచిపెట్టు భోజనముకన్న, ఇరువది ఏండ్లు ఇంటివారందరితో కలిసి తినగలిగిన భోజనము మేలు.

2017, 2018 సంవత్సరములలో తెలుగు జిల్లాలలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన ఆహార విధానమును అనేకులు వినియుందురు. ధాన్యము పూర్తిగా మాని, దినమునకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, విటమిను మాత్రలు తీసుకొనవలెనని అందులోని ముఖ్యాంశములు. పట్టణములలోను గ్రామములలోను దానినిగూర్చి పెద్ద చర్చ సాగినది. భోజనమునకును షుగరునకును దగ్గరి సంబంధమున్నదని సామాన్యులు గుర్తించుట ఆ చర్చవలన కలిగిన ఒక మేలు. అయితే అంత కఠినమైన మార్పును, మాత్రలు వాడుచున్న రోగి తనంత తాను ప్రారంభింపరాదు. కారణము దిగువ చెప్పుచున్నాము.

ఒక దినపు భోజనము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమున మనకు పెద్ద అండ. 1918లో కూనూరులో చిన్న పరిశోధనాలయముగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ యిది. 2024లో అది ప్రకటించిన ఆహార సూచనల ప్రకారము, దినమునకు 2,000 కాలరీల శక్తి కావలసిన ఆరోగ్యవంతుని పళ్లెములో ధాన్యము 250 గ్రాములు మించనక్కరలేదు. కూరగాయలు 400, పప్పులు లేక గుడ్లు, మాంసము 85, గింజలు 35, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు ఉండవలెను. ఆరోగ్యవంతునికే ధాన్యము పావుకిలో చాలునన్నప్పుడు, షుగరు రోగికి అంతకు తక్కువ సరిపోవునని వేరుగ చెప్పనక్కరలేదు.

దీనిని భైంసా ప్రాంతపు వంటయింటికి అన్వయించి చూతము. తక్కువ శ్రమ చేయు పెద్దవానికి ఈ క్రిందిది ఒక నమూనా.

ప్రొద్దున: గుప్పెడు శనగలను, అనగా 40 గ్రాములను, నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్లు. తినువారికి ఒకటి రెండు ఉడికిన కోడిగుడ్లు. చక్కెర లేని చాయ లేక మజ్జిగ.

మధ్యాహ్నము: ఒక జొన్నరొట్టె. 40 గ్రాముల కందిపప్పుతో చేసిన గట్టిపప్పు. బీర, సొర, కాకర, గోరుచిక్కుడు వంటి కూర పళ్లెములో సగము. ఒక గిన్నెడు పెరుగు.

సాయంకాలము: గుప్పెడు పల్లీలు.

రాత్రి: ఒక రొట్టె, లేక 75 గ్రాముల బియ్యముతో వండిన అన్నము. పాలకూర, పుంటికూర, మెంతికూర వేసిన పప్పు. తినువారికి చేప లేక కోడి. మజ్జిగ.

ఇందు పిండిపదార్థము మొత్తము సుమారు 200 గ్రాములు. అది ఏడు రొట్టెల దినములో సగము. శక్తిలో దాదాపు సగము పాలు మాత్రమే దానినుండి వచ్చుచున్నది. పొలములో బరువు పని చేయువారికి, పత్తి ఏరు కూలివారికి ఈ భోజనము చాలదు. వారికి పప్పు, పల్లీలు, గుడ్లు, అవసరమును బట్టి మరియొక రొట్టె చేర్పవలెను. ఎంత చేర్పవలెనో వారి బరువును, మాత్రలను చూచి డాక్టరు చెప్పవలసి యుండును.

ఖర్చు మాట కూడ చెప్పవలెను. గుడ్లు, పాలు, పప్పులు బియ్యముకన్న ప్రియమైనవనుట నిజము. అయినను ఈ ప్రాంతపు రైతు కంది, శనగ, సోయాచిక్కుడు పండించుచున్నాడు. సోయాలో నూటికి 36 పాళ్లకు పైగా మాంసకృత్తులు కలవు. అది బస్తాలకెత్తి భైంసా మార్కెటుకు పోవుచున్నది గాని ఇంటి కుండకు వచ్చుట లేదు. పంటలో కొంత కందిని, శనగను ఇంటికి నిలువ చేసికొన్నచో ఏడాది పొడవున పప్పు దొరకును. సోయాను పచ్చిగా తినరాదు. బాగుగా నానబెట్టి, ఉడికించియే తినవలెను. కిరాణాకొట్టులో మీల్ మేకరు పేరున దొరకు సోయా ముద్దలను కూరలో వేసికొనవచ్చును. పెరటిలో మునగ, చిక్కుడు, బీర పాదులున్నచో కూరకు ఖర్చే లేదు.

మరి రెండు చిన్న అలవాట్లు మేలు చేయును. మొదట కూర, పప్పు తిని, పిమ్మట రొట్టె గాని అన్నము గాని తినవలెను. ఇట్లు చేసినచో భోజనము తరువాత చక్కెర ఎగబ్రాకుట తగ్గును. భోజనమైన పిమ్మట పది పదిహేను నిమిషములు నడచుట వలన కండరములు ఆ చక్కెరను వాడుకొనును.

ఉపవాసములు, రోజాలు, విందులు

ఏకాదశి, శివరాత్రి దినములలో ఉపవాసమని చెప్పి సగ్గుబియ్యపు కిచిడీ తినుట ఈ సీమలో అలవాటు. సగ్గుబియ్యము దాదాపు అంతయు పిండిపదార్థమే. నూరు గ్రాములలో 85 గ్రాములకు పైగా ఉండును. షుగరు రోగికి ఇది ఉపవాసము కాక విందగును. దానికి మారుగా పెరుగు, మజ్జిగ, పల్లీలు, కొద్దిపాటి జామపండు తీసికొనవచ్చును. రంజాను మాసములో రోజా ఉండదలచిన మధుమేహ రోగులు నెలకు ముందుగానే డాక్టరును కలిసి మాత్రల వేళలను, కొలతలను మార్పించుకొనవలెను. సహరీలో పప్పు, గుడ్డు, పెరుగు ఉండవలెను. ఇఫ్తారులో శర్బతు, మిఠాయి, పకోడీలను ఒక్కసారిగా తినరాదు. రోజా మధ్యలో చక్కెర 70 కన్న తగ్గినచో వెంటనే విరమింపవలెనని వైద్యులు చెప్పుచున్నారు. పెండ్లి విందులలో ఒక్క తీపి ముక్క తిన్నచో ఆ పూట రొట్టెయో అన్నమో తగ్గించుట న్యాయమైన లెక్క.

మాత్రలు వాడువారికి హెచ్చరిక

ఈ భాగమును సభ్యులు ఒకటికి రెండుసార్లు చదువ ప్రార్థన.

షుగరు మాత్రలు రోగి అప్పటికి తినుచున్న భోజనమును బట్టి నిర్ణయింపబడినవి. ఏడు రొట్టెలు తినువానికి వ్రాసిన మాత్రను, రెండు రొట్టెలకు దిగినవాడు అట్లే మ్రింగినచో చక్కెర అపాయకరముగా పడిపోవచ్చును. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ సూది వాడువారికి ఈ ప్రమాదము హెచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటియే వాడువారికి చాల తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మాత్రలు వాడువారు పిండిపదార్థమును మరీ తగ్గించినను, కఠినోపవాసము చేసినను రక్తములో ఆమ్లము పెరిగి వాంతులు, ఆయాసము, మగత కలిగి ప్రాణాపాయము రావచ్చును. కావున భోజనము మార్చుటకు ముందే మాత్రల చీటీని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనో భైంసా ఏరియా ఆసుపత్రిలోనో డాక్టరునకు చూపి, “ఇంత తగ్గింపబోవుచున్నాను, మాత్ర తగ్గింపవలెనా?” అని అడుగవలెను. మార్పు కూడ మెట్టుమెట్టుగా, వారమునకొక రొట్టె చొప్పున తగ్గించుట క్షేమము.

చక్కెర 70 కన్న తగ్గినప్పుడు చెమటలు పోయుట, వణుకు, గుండెదడ, విపరీతపు ఆకలి, కన్నులు తిరుగుట, మాట తడబడుట కనబడును. పత్తిచేనిలో ఎండవేళ ఇట్లు జరిగినచో వడదెబ్బ యనియో, త్రాగినాడనియో పొరబడుదురు. ఆలస్యము ప్రాణమునకు ముప్పు. తెలివి ఉన్నవానికి మూడు చిన్న చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను. పదిహేను నిమిషములకు తేరుకొననిచో మరల అట్లే ఇచ్చి, తేరుకొన్న పిమ్మట భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినవాని నోటిలో ఏమియు పోయరాదు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి 108కి ఫోను చేయవలెను. షుగరు మాత్ర వాడు ప్రతి కూలివాడును కొంగునకో జేబులోనో చక్కెర పొట్లమును ఉంచుకొనవలెను. షుగరు రోగికి చక్కెర పొట్లమేమని నవ్వరాదు. అదే అతని ప్రాణరక్షకము.

మూత్రపిండములు చెడినవారు పప్పును, మాంసమును తమంత తాము పెంచరాదు. గర్భిణులు, బాలింతలు, పిల్లలు డాక్టరు ఆజ్ఞ లేనిదే ఏ భోజనమును తగ్గింపరాదు. షుగరు అంకె చక్కబడినను మాత్రలు మానుట రోగి నిర్ణయము కాకూడదు. చక్కబడిన పిమ్మట కూడ ఏటేట పరీక్ష అవసరము, ఏలననగా పాత భోజనము తిరిగి వచ్చినచో వ్యాధియు తిరిగి వచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది పరీక్ష. ముప్పది ఏండ్లు దాటిన ప్రతివారికి రక్తపోటు, షుగరు పరీక్షలు చేయు జాతీయ కార్యక్రమము అమలులో ఉన్నది. ఉపకేంద్రపు ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఈ పని చేయుచున్నారు. వార్డు సభ్యుడు తన వార్డులో పరీక్ష కాని ఇండ్ల పట్టికను వారితో కలిసి తయారు చేయవలెను. ఉదయము పొలమునకు పోవు కూలివారికి అనుకూలమగు వేళను నిర్ణయింపజేయవలెను.

రెండవది మందు. మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము. మధ్యలో మానివేసినవారెవరో, ఏ కారణమున మానిరో తెలిసికొని, తిరిగి ఆసుపత్రికి పంపవలెను.

మూడవది వంట. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశములోను, మహిళా సంఘములలోను ఒకసారి తక్కెడ తెచ్చి ఒక రొట్టెకు పట్టు పిండిని, ఒక పళ్లెపు అన్నమునకు పట్టు బియ్యమును అందరి యెదుట తూచి చూపవలెను. పది ఉపన్యాసములకన్న ఆ తూకము ఎక్కువ బోధించును. ఇంటిలో రోగి పురుషుడైనను వంట స్త్రీలదే గనుక వారు లేని సభ నిష్ప్రయోజనము. స్త్రీకే వ్యాధి ఉన్నచో, అందరును తిన్న తరువాత మిగిలిన అన్నముతో కడుపు నింపుకొను ఆచారము ఆమెకు హాని. ఆమె పళ్లెములో పప్పు, కూర మొదటనే పడవలెనని ఇంటిపెద్దలకు చెప్పవలెను.

నాలుగవది పెరడు. గ్రామ నర్సరీలో మునగ, కరివేపాకు, నిమ్మ మొక్కలను పెంచి ఇంటింటికి పంచవలెను.

ఐదవది సభామర్యాద. పంచాయతీ సమావేశములలో చక్కెర చాయ, బిస్కెట్ల స్థానమున మజ్జిగ, శనగ గుగ్గిళ్లు పెట్టవచ్చును. పెద్దలు చేసినదే ఊరు చేయును. అయితే బడిలోను, అంగన్‌వాడీలోను పిల్లలకు పెట్టు అన్నమును ఈ పేరుతో తగ్గింపరాదు. పెరుగు వయసువారి అవసరము వేరు.

చర్చకు ప్రశ్నలు

ఒకటి: మీ వార్డులో ముప్పది దాటినవారెందరు? వారిలో ఈ ఏడాది షుగరు పరీక్ష అయినవారెందరు?

రెండు: మీ ఇంటి రొట్టె ఒకటికి ఎన్ని గ్రాముల పిండి పట్టును? మీరు దినమునకు తిను రొట్టెలు, అన్నము, చాయలోని చక్కెర కలిపి పిండిపదార్థము ఎంతయగును?

మూడు: మీ ఊరిలో పండు కంది, శనగ, సోయాలలో ఎంత భాగము ఊరిలోనే తినబడుచున్నది?

నాలుగు: పొలములో ఒక కూలివాడు చెమటలు పోసి తడబడినచో మొదట ఏమి చేయవలెనో ముఠా మేస్త్రీకి తెలియునా?

ఈ నాలుగు ప్రశ్నలను వచ్చు సమావేశపు చర్చాంశములలో చేర్పవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. మొదటి ప్రశ్నకు సమాధానము ఆశా కార్యకర్త పుస్తకములో ఉన్నది. రెండవదానికి వంటయింటి తక్కెడ చాలును. మూడవది రైతులు చెప్పగలరు. నాలుగవదానికి సమాధానము లేని ఊరిలో ముఠా మేస్త్రీలను, కూలి స్త్రీలను పిలిచి, పత్తి ఏరుట మొదలగుటకు ముందే ఆ విషయము చెప్పి పంపవలెను.